ఇంట్లో పుట్టిన కోడి

అప్పు తెచ్చిన కోడితో మొక్కు తీరిస్తే, ఆ మొక్కు ఎవరు తీర్చినట్టు? తెచ్చుకున్నవాళ్ళా, ఇచ్చినవాళ్ళా?

ఈ అనుమానం హనుమయ్యను పట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. దానివల్ల నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం లాంటివేమీ లేవు. చిన్నరసం మామిడిపండు తిన్నాక పంటి సందున ఉండిపోయిన పీచులాంటిది. పని మీద ఉన్నంతసేపూ గుర్తుండదు. ఊరికే కూర్చుంటే మాత్రం నాలుక అక్కడికే పోతుంది.

ఆయన అడగనివాళ్ళు లేరు. రామాలయం పూజారిగారు, "సంకల్పం ఎవరిదైతే ఫలం వాళ్ళది, నిశ్చింతగా ఉండండి" అన్నారు. హనుమయ్య ఒక వారం నిశ్చింతగా ఉన్నాడు. ఆ తర్వాత గంగానమ్మ గుడి దగ్గర డప్పు కొట్టే ముసలాయన, "పెంచిన చెయ్యి ఎవరిదండీ? అమ్మ చూసేది ఆ చేతినే" అన్నాడు. దాంతో వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చింది. విస్సన్నపేటలో ఎరువుల కొట్టాయనైతే, "కూర ఎవరు తిన్నారో వాళ్ళదేనండీ పుణ్యం!" అని పగలబడి నవ్వాడు. హనుమయ్య నెల రోజులు ఆ కొట్టు గుమ్మం తొక్కలేదు.

అసలు జరిగింది ఇది. ఆయన కూతురు ఉదయశ్రీకి నాలుగో ఏట అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, కాలిపోయే జ్వరం, మూడు రోజులు పిల్ల కళ్ళు తెరవలేదు. గుమ్మానికి వేపమండలు కట్టి, పసుపునీళ్ళ గిన్నె ముందు కూర్చుని, హనుమయ్య భార్య సత్యవతి గబగబా మొక్కేసుకుంది. "గంగానమ్మ తల్లీ, నా పిల్ల లేచి తిరిగితే ఇంట్లో పుట్టిన కోడిని నీకిచ్చుకుంటాను!" ఆ ఊరి గంగానమ్మకి సంతలో కొన్న కోడి పనికిరాదు. ఇచ్చేవాళ్ళ గడపలో గుడ్డు పగలగొట్టుకుని వచ్చి, ఆ గడపలో గింజ తిని పెరిగినదై ఉండాలి. నాలుగో రోజుకి పిల్ల లేచింది, తిరిగింది, అట్లు కావాలని ఏడ్చింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది సత్యవతికి, తమ ఇంట్లో కోళ్ళే లేవని.

వాళ్ళ తోటలో కాయలు కోసే బసవమ్మ ఆ సంగతి విని, తనకున్న ఒక్క పెట్టనూ చంకన పెట్టుకుని వచ్చింది.

"మా గడపలో పుట్టిందేనండి. తీసుకెళ్ళి అమ్మకిచ్చేయండి. డబ్బులు మాత్రం తియ్యకండి బాబూ, మొక్కు కోడికి డబ్బు పుచ్చుకోకూడదు. కోడికి కోడి ఇద్దురుగాని. అదీ మీ ఇంట్లో పుట్టిందే ఇవ్వాలి సుమండీ!"

"ఆరు నెలల్లో ఇచ్చేస్తా బసవమ్మా" అన్నాడు హనుమయ్య.

ఆ ఆరు నెలలే ఇరవై రెండేళ్ళయ్యాయి.

ఇవ్వాలని లేక కాదు. రెండుసార్లు కోళ్ళను తెచ్చి పెంచబోయాడు. రెండుసార్లూ ముద్దుగా పెరిగాయి, గుడ్లకొచ్చాయి. తీరా ధనుర్మాసం వచ్చేసరికి, ఎవరో చెప్పినట్టు, ఒక్క రోజులో మెడలు వాల్చేశాయి. రెండోసారి సత్యవతి తేల్చి చెప్పేసింది.

"మనకి కోళ్ళు అచ్చిరావండీ. అప్పు కోడితో తీర్చిన మొక్కు ఆ తల్లి ఒప్పుకోలేదు. అందులోనూ ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారకముందే లేచి రామాలయానికి పరిగెడతాం, ఆవిడ గుడి వైపు తొంగి చూడం. కోపం రాదూ మరి?"

దేవుళ్ళ మధ్య కూడా ఇలాంటి పట్టింపులుంటాయా అనుకున్నాడు హనుమయ్య. అడగడానికి మొహమాటపడి ఆ అనుమానాన్ని పాత అనుమానం పక్కనే పెట్టుకున్నాడు.

బసవమ్మ పలకరింపు అప్పటినుంచీ ఒక్కటే. రేషన్ కొట్టు దగ్గర కనపడినా, నూజివీడు బస్సులో కనపడినా, "నా కోడి ఏదీ బాబూ?" అనేది. ఉదయశ్రీ పెళ్ళిలో బంతిలో కూర్చుని, విస్తరి వైపు ఓసారి చూసి, "అన్నీ వడ్డించారు, నా కోడి తప్ప!" అంది. పక్కవాళ్ళు నవ్వారు. "బయల్దేరింది, దారిలో ఉంది" అనేవాడు హనుమయ్య. అది వాళ్ళిద్దరికీ నమస్కారం లాంటిదైపోయింది.

నిరుడు వైశాఖంలో గాలివాన వచ్చింది. కోతకొచ్చిన కాయ సగం నేలపాలైంది. తోట ఇంటి వెనక ఉన్న మూడు ముసలి రసాల చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. హనుమయ్య తాత పెట్టిన చెట్లు. వాటిని కోయించి, మొద్దులు బండికెత్తిస్తుంటే బసవమ్మ ఎండు పుల్లల కోసం వచ్చింది. డెబ్బై దాటింది, మోకాళ్ళు లాగేస్తున్నాయి. అయినా పుల్లల మోపు తనే కట్టుకుంది.

"చెట్లు పోయాయా బాబూ? ప్చ్! మంచి కాయ" అంది. "వస్తానండీ" అంది. వెళ్ళిపోయింది.

హనుమయ్య ఆమె వెనకే చూస్తూ నిలబడిపోయాడు. ఏదో తక్కువైంది. ఏం తక్కువైందో బండి కదిలాక తట్టింది. కోడిని అడగలేదు.

మర్నాడు కావాలనే వాళ్ళ వీధిలోంచి వెళ్ళాడు. బసవమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "బాగున్నారా బాబూ?" అంది. అంతే. ఆమె కోడలు సుజాత వీధి కుళాయి దగ్గర కనపడితే ఆగి, నసుగుతూ అడిగాడు.

"ఏం లేదండీ" అంది సుజాత నవ్వి. "మా అత్తే అంది. ఆ ఇంట్లో ఇక కోళ్ళు పెరగవులే, ఊరికే అడిగి వాళ్ళని చిన్నబుచ్చడం దేనికని."

హనుమయ్యకి ఎక్కడో చివుక్కుమంది. అడిగినన్నాళ్ళూ అది అప్పు. అడగడం మానేశాక అదేమిటి? మాట తప్పినట్టేగా. ఆ సాయంత్రం దీపారాధన చేస్తూ మధ్యలో మంత్రం మరిచిపోయి, మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడు.

ఆ వారంలోనే ఉంగుటూరు నుంచి ఉదయశ్రీ ఫోన్ చేసింది. "నాన్నా, చెట్లు పడినచోట మళ్ళీ మామిడంట్లే పెట్టకు. ఇన్నేళ్ళకి అక్కడ ఎండ పడుతోంది కదా. కూరగాయలు వెయ్యి, కోళ్ళు వదులు. కోళ్ళు పురుగుల్ని తింటాయి, ఎరువిస్తాయి. నేను వీడియోలు పంపిస్తాగా!"

"కోళ్ళు మీ అమ్మకి..."

"అమ్మకి నేను చెప్తాలే."

ఏం చెప్పిందోగాని, సత్యవతి రెండు రోజులు గిన్నెలు గట్టిగా సర్దింది. మూడో రోజు షరతులు పెట్టింది. "గూడు ఈశాన్యం వైపు వద్దు. తులసికోట ఎక్కితే ఊరుకోను. వంటింటి గడప దాటకూడదు. శనివారం, మంగళవారం గుడ్డు మాటెత్తకూడదు. ఇంకోటి, ఈసారి కూడా చస్తే నన్ను పాతిపెట్టమనకండి. నేను చూడలేను."

"ఈసారి చావవు."

"మీకెవరు చెప్పారు?"

హనుమయ్య గొడ్డలి తీసుకుని వేర్లు కొట్టడానికి వెళ్ళాడు.

పదిహేను సెంట్ల ఎర్రనేల. తాతల నాటి ఆకు కుళ్ళి నల్లగా మెత్తగా ఉంది. బోరు నీళ్ళు పైపుతో తెచ్చుకున్నాడు. తొలకరి పడగానే ఒక మడిలో తోటకూర, ఒక మడిలో గోంగూర, మధ్యలో వంగ, బెండ. కంచె పొడుగునా బీర, సొర పాదులు. మూలల్లో మునగకొమ్మలు, బొప్పాయి. స్నానాల నీళ్ళు పోయేచోట నాలుగు అరటి పిలకలు. మామిడి తప్ప వేరే మొక్క ముఖం చూడని మనిషికి, తోటకూర నాలుగో రోజునే మొలవడం వింతగా ఉంది. మామిడంటు పెట్టినవాడు కాయ తినడానికి ఐదేళ్ళు ఆగాలి. ఇదేమో పొద్దున చూసినదానికి సాయంత్రానికి పెరుగుతోంది. రోజుకి పదిసార్లు వెళ్ళి చూసొచ్చేవాడు.

"దిష్టి తగుల్తుంది, లోపలికి రండి" అనేది సత్యవతి.

ఆషాఢంలో విస్సన్నపేట సంతకి వెళ్ళి ఆరు నాటు పెట్టపిల్లల్ని, ఒక పుంజునీ గంపలో తెచ్చాడు. తెచ్చిన మర్నాడు, వీడియోలో చెప్పినట్టు పురుగులు తింటాయని తోటకూర మడిలోకి వదిలి, చాలీసా చదువుకోవడానికి లోపలికెళ్ళాడు. బయటికొచ్చేసరికి తోటకూర లేదు. వంగనారు వేళ్ళతో సహా పైకి తేలి ఉంది. ఏడు కోళ్ళూ ఆ మెత్తటి మట్టిలో గుంటలు చేసుకుని, రెక్కలు చాపి, కళ్ళు మూసుకుని స్నానం చేస్తున్నాయి.

"పురుగుల్ని తిన్నాయా?" అంది సత్యవతి గుమ్మంలోంచి.

"తిన్నట్టే ఉన్నాయి" అన్నాడు హనుమయ్య.

ఉదయశ్రీకి ఫోన్ చేస్తే అరగంట నవ్వింది. "నాన్నా, ఆ వీడియో మొత్తం చూడలేదా? నారు మడిలోకి కాదు, కోత అయిపోయిన మడిలోకి వదలాలి!" ఆ తర్వాతి ఆదివారం అల్లుడి స్కూటర్ మీద చేపల చెరువు పాత వల ఒక చుట్ట పంపించింది. వెదురు బద్దలు పాతి, ఆ వల కట్టి, మడులన్నిటినీ వేరు చేశాడు హనుమయ్య. అప్పటినుంచీ పని ఒక దారిలో పడింది. ఏ మడి కోత అయిపోతే ఆ మడిలో కోళ్ళను పదిరోజులు ఉంచడం. అవి మోళ్ళు పీకి, పురుగు ఏరి, గెలికి, ఎరువు వేసి ఇస్తాయి. వాటిని పక్క మడికి మార్చి ఇక్కడ విత్తనం చల్లడం. దున్నే పని లేదు. మధ్యాహ్నం పూట వలలు విప్పేసి మామిడి చెట్ల కింద తిరగనిచ్చేవాడు.

కార్తీకానికి వాళ్ళు కూరలు కొనడం మానేశారు. సొరకాయలు ఎక్కువై, వచ్చినవాళ్ళందరికీ ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్ళు. కొన్నాళ్ళకి జనం ఆ ఇంటి ముందునుంచి గబగబా వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఒక పెట్టను ముంగిస ఎత్తుకుపోయింది. ఒకటి తులసికోట ఎక్కింది. సత్యవతి చీపురు తీసి, అంతలో ఆ మొక్క మొదట్లో అది పెట్టిన గుడ్డు చూసి, చీపురు దించేసింది. అది ఆ ఇంట మొదటి గుడ్డు. పెట్టింది నల్ల పెట్ట.

ధనుర్మాసం మొదలైన నాలుగో రోజున ఆ నల్ల పెట్ట కొరకొరలాడుతూ గూడు వదలడం మానేసింది. పొదగేసే చెయ్యి సత్యవతిది కాదు. ఆవిడే సుజాతకి కబురు పెట్టించింది, అత్తని ఒక్కసారి రమ్మనమని.

బసవమ్మ వచ్చింది. ఎందుకు పిలిచారో తెలుసు. ఎందుకు పొదగేయిస్తున్నారో కూడా తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పాత గంప అడిగి, ఊక పోసి, గుడ్లను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, పదకొండు ఏరింది. మేకు ఒకటి, బొగ్గుముక్క ఒకటి ఊకలో దూర్చింది, ఉరుములకి గుడ్లు చెడకుండా.

"ఇది దేనికి? ఇది నిజంగా పనిచేస్తుందా?" అన్నాడు హనుమయ్య. ఆయన అడగకుండా ఉండలేడు.

"పనిచెయ్యకపోతే పోయేదేముంది బాబూ, మేకు మనదేగా" అంది బసవమ్మ. "ముంగిస భయం ఉందన్నారు కదా. పైన బుట్ట బోర్లించి రాయి పెట్టండి. మేత, నీళ్ళు లోపలే పెట్టండి. రోజుకోసారి సాయంత్రం కాసేపు వదిలి మళ్ళీ మూసేయండి."

పూత మీదే తోట గుత్తకిచ్చేయడం హనుమయ్యకి కొన్నేళ్ళుగా అలవాటు. గుత్తదారు మనుషులే వచ్చి మందు కొట్టుకుంటారు, కాపలా కాసుకుంటారు, కాయ కోసుకుంటారు. ట్రాక్టర్ మీద మందు కొట్టే వినోద్, "వచ్చే ముందు కబురు చేస్తానండీ" అన్నాడు. పొదగేసిన తొమ్మిదో రోజున హనుమయ్య తెల్లవారకముందే రామాలయానికెళ్ళి, ఆకుదొన్నెలో వేడి పొంగలి పట్టుకుని వచ్చేసరికి, చెట్లన్నీ తడిసి కారుతున్నాయి. ట్రాక్టర్ గేటు దాటుతోంది.

"మీరు గుళ్ళో ఉంటారు కదా, ఎందుకు ఇబ్బంది పెట్టడమని అమ్మగారికి చెప్పి కొట్టేశానండీ!" అని వినోద్ చెయ్యి ఊపాడు.

ఆ రోజూ అలవాటు ప్రకారమే మధ్యాహ్నం వలలు విప్పాడు. పెద్దగా ఆలోచించలేదు. మందు చెట్టుకి కొట్టారు, కోళ్ళు నేల మీద తిరుగుతాయి. కోళ్ళు ఏనాడూ లేనంత హుషారుగా చెట్ల కిందికి పరిగెత్తాయి, తలెత్తకుండా ఏరుకుని తిన్నాయి. "ఈవేళ మేత మిగిల్చాయి" అని సత్యవతి సంతోషించింది.

పొద్దు వాలేసరికి పుంజు ఒక పక్కకి ఒరిగి నడిచింది. తర్వాత ఒక పెట్ట. చీకటి పడేలోపల నాలుగు పెట్టలూ, పుంజూ వల పక్కన వరసగా పడి ఉన్నాయి.

సత్యవతి మెట్టు మీద కూలబడిపోయింది. "చెప్పానా?" అంది. కోపంగా అనలేదు. ఏడుపు గొంతుతో అంది. "ధనుర్మాసం. మళ్ళీ అదే నెల. మనకి రాసిపెట్టి లేదండీ. ఆ గుడ్లు కూడా తీసి పారేయండి."

హనుమయ్య బుట్ట దగ్గరికి వెళ్ళి రాయి తీశాడు. లోపలికి చెయ్యి పెట్టగానే నల్ల పెట్ట చటుక్కున పొడిచింది. వేలి మీద రక్తం బొట్టు వచ్చింది. ఆయన ఆ వేలు చూసుకుని, "ఉంది! ఇది ఉంది!" అని అరిచాడు. మూతపెట్టి ఉండడం వల్ల అది ఆ రోజు ఇంకా బయటికే రాలేదు.

మర్నాడు పొద్దున్నే బసవమ్మ కర్ర పట్టుకుని వచ్చేసింది. ఊళ్ళో అప్పుడే తెలిసిపోయింది. పాతిపెట్టడానికి తీసిన గుంట పక్కన పుంజు ఉంది. ఆమె దాన్ని ఎత్తి, మెడ కింద తిత్తి నొక్కి చూసింది. రాయిలా గట్టిగా ఉంది.

"తెగులొచ్చిన కోడి మేత ముట్టదు బాబూ. ఇది కడుపునిండా తిని చచ్చింది. కత్తి తెండి."

తిత్తి కోసింది. లోపల గింజ లేదు, గడ్డి లేదు. గోధుమరంగు చిన్న చిన్న పురుగులు గుప్పెడు, ముద్దగా. మామిడిపూతని పీల్చే తేనెమంచు పురుగులు. వాటినుంచి గుప్పుమని ఒక వాసన వచ్చింది. సత్యవతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఈ వాసన నాకు తెలుసు" అంది బసవమ్మ. "మందు కొట్టిన తోటలో పనిచేసొస్తే మా చీరలకి ఇదే వాసన. పురుగులు మందుకి చచ్చి కింద రాలాయి. ఇవి విందు చేసుకున్నాయి." కాస్త ఆగి అడిగింది. "వెనకటి రెండుసార్లూ మందు ఎవరు కొట్టారు బాబూ?"

"నేనే" అన్నాడు హనుమయ్య.

"ఎప్పుడు?"

"పూత వచ్చినప్పుడు... ధనుర్మాసంలో."

అప్పట్లో ఆ నెలలో హనుమయ్య చేసేవి రెండే పనులు. తెల్లవారుజామున పూజ, ఎండెక్కాక మందు. కోళ్ళు చచ్చిన ప్రతిసారీ వాళ్ళు పూజను అనుమానించారు గాని మందును అనుమానించలేదు.

"అయితే ఆ తల్లికి కోపం లేదా?" అంది సత్యవతి చిన్నగా.

"మీ మీద కోపముంటే, ఆవిడ కాసే ఊళ్ళో ఉన్న తోట మీది, ఇన్నేళ్ళూ కాయ నిలిచేదా అమ్మగారూ?" అంది బసవమ్మ. "కోళ్ళని లోతుగా పాతండి. కుక్కలు తవ్వితే అవీ పోతాయి. ఆ నల్లదాన్ని మాత్రం పదిహేను రోజులు చెట్ల కిందికి రానివ్వకండి."

"ఇన్నేళ్ళూ అమ్మ మీద నింద వేశాను" అంది సత్యవతి. ఆ సాయంత్రమే పసుపు, కుంకుమ, రెండు సొరకాయలు పట్టుకుని గంగానమ్మ గుడికి వెళ్ళి చెంపలు వేసుకుంది. తిరిగొచ్చి, మొగుడికి చెప్పకుండా, పొదుగు గంపని తనే ఎత్తి తీసుకెళ్ళి వంటింటి వసారాలో పెట్టింది.

"వంటింటి గడప దాటకూడదన్నావు?" అన్నాడు హనుమయ్య.

"ఇది వసారా. గడప అవతల ఉంది" అంది సత్యవతి. ఆ తర్వాత పన్నెండు రోజులు విష్ణు సహస్రనామం అక్కడే కూర్చుని చదివింది. చలికి అక్కడైతే వెచ్చగా ఉందట.

ధనుర్మాసం ఇంకా నాలుగు రోజులుందనగా, హనుమయ్య గుడికి బయల్దేరుతుంటే ఊకలోంచి సన్నగా కిచకిచ వినపడింది. ఆ రోజు పొంగలి ప్రసాదానికి ఆయన వెళ్ళలేదు. పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. ఉదయశ్రీకి వీడియో కాల్ చేసి, ఫోన్ ఎటు పట్టుకోవాలో తెలియక, ఐదు నిమిషాలు తన చెవినే చూపించాడు.

ఆ పిల్లల్ని ఆయన పెంచిన తీరు ఊళ్ళో కథలుగా చెప్పుకున్నారు. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి పుట్ట పక్కన బోర్లించి, తెల్లారి ఎత్తి, అందులో చేరిన చెదపురుగుల్ని పిల్లలకి పోసేవాడు. గద్ద తిరిగితే పైపంచె ఊపుతూ తోటంతా పరిగెత్తేవాడు. గద్ద రెండింటిని తీసుకుపోయింది, ముంగిస ఒకదాన్ని. వినోద్ రెండో మందుకి వస్తే, హనుమయ్య గేటు దగ్గరే నిలబడ్డాడు.

"ఇంటి పక్క రెండు వరసలూ వదిలెయ్. వాటి కాయ గుత్తలోంచి తీసేశానని మీ ఓనరుకి చెప్పాను. మిగతా తోటకి కొట్టేముందు నా మొహం చూసి, నేను కోళ్ళు మూశానని చెప్పాక కొట్టు."

"రెండు వరసల కాయ పోగొట్టుకుంటారా, కోళ్ళ కోసం?"

"కాయలు చాలా తిన్నాను" అన్నాడు హనుమయ్య.

మిగిలిన ఆరింటిలో నాలుగు పుంజులు, రెండు పెట్టలు. కాయ కోతలయ్యాయి. మళ్ళీ తొలకరి పడింది. ఒకరోజు రెండు పెట్టల్లో చుక్కల పెట్ట అరటి బోదె కింద మొదటి గుడ్డు పెట్టి, ఊరంతటికీ చెప్పింది. హనుమయ్య అప్పుడే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు.

"ఎర్రదాన్ని తీసుకెళ్ళండి. అది ఇంకా గుడ్లకి రాలేదు గాని బొద్దుగా ఉంది" అంది సత్యవతి. చుక్కలది ఆవిడ చేతిలో గింజలు తినేది.

హనుమయ్య ఎర్రదాని వైపు కదలలేదు. సత్యవతి తనే వెళ్ళి చుక్కల పెట్టను పట్టుకుని, దాని నుదుటి మీద కాస్త పసుపు రాసి, తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "బసవమ్మ తన ఒక్క కోడినీ ఇచ్చింది. మనం మంచిదే ఇవ్వాలి" అంది.

బసవమ్మ అరుగు మీదే ఉంది. హనుమయ్య చంకలో కోడిని చూసి లేవబోయింది, మోకాళ్ళు పట్టి మళ్ళీ కూర్చుంది. ఆయన వంగి కోడిని ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాని కాళ్ళు చూసింది, రెక్క విప్పి చూసింది, ఈకలు ఎదురు నిమిరి చూసింది.

"మీ గడపలో పుట్టిందేనా?"

"నువ్వు పొదగేసినవే కదా బసవమ్మా! మా వంటింటి వసారాలో పుట్టింది."

"గుడ్లకొచ్చిందే!"

"ఈ పొద్దునే."

బసవమ్మ నవ్వింది. హనుమయ్యకి ఇంక ఆగలేదు. ఇరవై రెండేళ్ళ పీచు నాలుక చివరికొచ్చేసింది. "ఒక్క మాట అడుగుతాను బసవమ్మా. ఆరోజు మొక్కు తీర్చింది నువ్వా, మేమా? కోడి నీది, మొక్కు మాది. అమ్మ ఎవరిదని తీసుకున్నట్టు?"

ఆమె ఆయన వైపు వింతగా చూసింది. "నేనూ మొక్కుకున్నాను కదా బాబూ."

"నువ్వా?"

"ఉదయమ్మ రోజూ నా వెనకాలే తోటలో తిరిగే పిల్ల. మూడు రోజులు కళ్ళు తెరవకపోతే నేనూరుకుంటానా? అమ్మగారి కంటే ముందే మొక్కుకున్నాను, లేస్తే నా పెట్టనిస్తానని. తీరా చూస్తే మీరూ మొక్కేశారు, మీ దగ్గర కోడి లేదు. ఇద్దరికీ కలిపి ఒకటే సరిపోతుందిలే అనుకున్నాను."

"మరి అప్పని ఎందుకన్నావు?"

"ఊరికే ఇస్తే మీరు పుచ్చుకుంటారా? అమ్మగారు డబ్బు తెచ్చి చేతిలో పెట్టేది. పుచ్చుకుంటే నా మొక్కు చెడేది." కోడి మెడ నిమిరింది. "అయినా అప్పు అప్పే. నేను వదలను."

హనుమయ్య నోరు తెరిచాడు. ఆమె మొక్కు ఆమె తీర్చుకుంటే, తమ మొక్కు సంగతేమిటి, ఇద్దరిదీ ఒక్క కోడితో తీరుతుందా, అని అడగబోయాడు. కోడి ఆమె ఒళ్ళో సర్దుకుని కూర్చోవడం చూసి మానేశాడు. రేపు పూజారిగారిని అడగచ్చు.

బసవమ్మ పాత చీర అంచు చింపి, కోడి కాలికి ముడి వేసి, రెండో కొస మంచంకోటికి కట్టింది, నాలుగు రోజులు ఇల్లు మరిగేదాకా. అది ఒకసారి రెక్కలు కొట్టుకుని, తాడు పొడుగెంతో చూసుకుని, అరుగు కింద మట్టి గెలకడం మొదలుపెట్టింది.

బసవమ్మ లోపలికి తిరిగి గట్టిగా కేకేసింది.

"సుజాతా! గుప్పెడు నూకలు తేవే. నా కోడి వచ్చింది."